మెసేజ్ చేరింది, పని జరగలేదు: విద్యార్థులకు నిజంగా తోడ్పడేది ఏది?

సెమిస్టర్ పరీక్ష ఫీజుకు గడువు దాటాక, ఫైన్‌తో కట్టే రోజుల్లో కాలేజీ ఆఫీసు కిటికీ ముందు పెద్ద లైను ఉంటుంది. అందులో నిలబడ్డవాళ్లకు ఆఖరి తేదీ తెలియదా అంటే, తెలుసు. క్లాసు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. నోటీసు బోర్డులో కాగితం అంటించారు. లెక్చరర్ క్లాసులో చదివి వినిపించారు. ఇంకెలా చెప్పాలి అని ఆఫీసువాళ్లు విసుక్కుంటారు. మద్దిలపాలెంలో అయినా, గాజువాకలో అయినా, మధురవాడలో అయినా విశాఖలో డిగ్రీ చదివిన ఎవరిని అడిగినా ఈ లైను సంగతి చెబుతారు.

‘పిల్లలకు బాధ్యత లేదు’ అన్నది దీనికి సులువుగా దొరికే జవాబు. ఆ జవాబుతో ఆగిపోతే మనం చేయగలిగినవి రెండే: తిట్టడం, ఫైన్ పెంచడం. మనుషులు అనుకున్న పనిని ఎందుకు చేస్తారో, ఎందుకు మానేస్తారో పరిశీలించే ప్రవర్తన శాస్త్రం ఇక్కడ వేరే ప్రశ్న అడుగుతుంది. కట్టాలనుకున్న మనిషి సరిగ్గా ఏ చోట ఆగిపోయాడు? డబ్బు చేతికి రాలేదా? సైటు తెరుచుకోలేదా? రేపు కడదాంలే అనుకుని మరిచిపోయాడా? బ్యాక్‌లాగ్ పేపర్లకు ఎంత కట్టాలో అర్థంకాక, అడగడానికి మొహమాటపడ్డాడా? పైకి నాలుగూ ఒకేలా కనిపిస్తాయి. కానీ మెసేజ్ పంపితే తీరేది మూడో కారణం ఒక్కటే. మిగతా ముగ్గురికీ ఆ మెసేజ్ ఇంకాస్త టెన్షన్ పెడుతుంది, అంతకు మించి ఏమీ చేయదు.

విద్యార్థులకు తోడ్పడటానికి ప్రవర్తన శాస్త్రాన్ని వాడే ప్రయత్నాలు గత 20 ఏళ్లలో బాగా పెరిగాయి. కొన్ని ఆశ్చర్యపోయేంత మేలు చేశాయి, కొన్ని లక్షల మందిపై ప్రయోగించినా చీమ కుట్టినంత తేడా తేలేదు. ఈ రెండు రకాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒక విషయం స్పష్టంగా కనిపిస్తోంది. విద్యార్థి మనసును దూరం నుంచి మార్చబోయినవి ఎక్కువగా వీగిపోయాయి. అతను నడవాల్సిన దారిలో ఒక అడ్డును గుర్తించి తీసేసినవి నిలబడ్డాయి. మన దగ్గర ఇప్పుడు మొదటి రకమే ఎక్కువ జరుగుతోంది. అందుకే ఈ వ్యాసం.

ఈ రంగంలో ఇప్పటికీ పనికొచ్చే పాత ప్రయోగం ఒకటి 1965లో అచ్చయింది. హోవర్డ్ లెవెంథాల్, రాబర్ట్ సింగర్, సూసన్ జోన్స్ అనే ముగ్గురు పరిశోధకులు అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ విద్యార్థులను ధనుర్వాతం టీకా వేయించుకునేలా చేయడం ఎలాగో పరీక్షించారు. కొందరికి ఆ జబ్బు ఎంత భయంకరమో ఫొటోలతో సహా వర్ణించే పుస్తకం ఇచ్చారు. ఇంకొందరికి అదే సమాచారాన్ని భయపెట్టకుండా ఇచ్చారు. భయపడ్డవాళ్లు టీకా తప్పనిసరి అని మరింత గట్టిగా ఒప్పుకున్నారు. కానీ వెళ్లి వేయించుకునే దగ్గరికి వచ్చేసరికి ఆ భయం పనిచేయలేదు.

పనిచేసింది మరొకటి. రెండు రకాల పుస్తకాల్లోనూ కొన్నిటికి ఒక క్యాంపస్ మ్యాపు జోడించారు. ఆరోగ్య కేంద్రం ఎక్కడుందో అందులో గుర్తు పెట్టారు. మీ వారం టైంటేబుల్ చూసుకుని, ఏ సమయంలో ఏ దారిన అటు వెళ్లగలరో అనుకోండి అని చెప్పారు. ఈ మ్యాపు, ప్లాను అందినవాళ్లలో 28 శాతం టీకా వేయించుకున్నారు. అందనివాళ్లలో 3 శాతమే. వాళ్లంతా ఆ క్యాంపస్‌ ఎరిగినవాళ్లే, ఆరోగ్య కేంద్రం ఎక్కడుందో ముందే తెలిసినవాళ్లే. అది చిన్న ప్రయోగం, అందులోనూ ప్లాను చేతికొచ్చిన వాళ్లలో నూటికి 72 మంది వెళ్లలేదు. అయినా ‘తెలుసు’ అన్నదానికీ ‘చేశాను’ అన్నదానికీ మధ్య ఎంత ఖాళీ ఉందో అది చూపించింది. తర్వాత జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్సర్ ఇదే సంగతిని 1990ల్లో విస్తారంగా పరిశీలించాడు. ‘చదువుతాను’ అని అనుకోవడం కన్నా ‘ఏడింటికి మెస్‌లో తినగానే రీడింగ్ రూంకి వెళ్తాను’ అని సమయం, చోటు ఖాయం చేసుకున్నవాళ్లు అన్నమాట ఎక్కువగా నిలబెట్టుకున్నారు.

ప్రయోగం అనగానే విద్యార్థులను ఎలుకల్లా చూడటమా అని కొందరికి మనసు చివుక్కుమంటుంది. ఆ అభ్యంతరం న్యాయమైనదే. దానికి జవాబు చెప్పాలంటే ముందు ఈ ప్రయోగం ఎలా జరుగుతుందో చూడాలి.

ఒక కాలేజీ హాజరు పెంచడానికి ఆగస్టులో ఏదో కొత్త కార్యక్రమం పెట్టిందనుకుందాం. సెప్టెంబరులో హాజరు పెరిగింది. కార్యక్రమం ఫలించిందని ప్రిన్సిపాల్ గారు పేపరుకు చెబుతారు. కానీ సెప్టెంబరులో మిడ్ పరీక్షలు ఉండి ఉండొచ్చు. 75 శాతం హాజరు లేకపోతే కాండొనేషన్ ఫీజు కట్టాలన్న సర్క్యులర్ అప్పుడే వచ్చి ఉండొచ్చు. ఎదురు దిశలోనూ జరుగుతుంది: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకింది, ఆ తర్వాత ఊరు ఊరంతా రోజుల తరబడి కరెంటు లేకుండా ఉంది. ఆ ఏడాది సెప్టెంబరులో ఎంత మంచి కార్యక్రమం మొదలుపెట్టినా అక్టోబరు లెక్కల్లో అది ఘోర వైఫల్యంగానే కనిపించేది. ముందు, తర్వాత అని పోల్చి చూస్తే చాలదు అనడానికి కారణం ఇదే.

స్వచ్ఛందంగా చేరినవాళ్లను, చేరనివాళ్లను పోల్చినా తప్పుదారే. మెంటరింగ్‌కి పేరిచ్చేది ఎక్కువగా అప్పటికే చురుగ్గా ఉన్న విద్యార్థులు. వాళ్లకు మంచి మార్కులు వస్తే ఆ గొప్ప మెంటరింగ్‌దా, వాళ్లదా?

అందుకని చీటీలు తీస్తారు. వెయ్యి మంది మొదటి సంవత్సరం విద్యార్థుల్లో 500 మందిని చీటీల పద్ధతిలో ఎంచి వాళ్లకు సాయం ఇస్తారు, మిగతావాళ్లకు ఎప్పటిలాగే జరుగుతుంది. చీటీకి ఎవరు తెలివైనవారో, ఎవరిది మన్యంలోని పాడేరో, ఎవరిది నగరంలోని సిరిపురమో తెలియదు. కాబట్టి రెండు గుంపులూ దాదాపు ఒకేలా ఉంటాయి. తుపాను వస్తే రెండిటికీ వస్తుంది, పరీక్షలు రెండిటికీ ఉంటాయి. చివర్లో కనిపించే తేడా ఆ సాయం వల్ల వచ్చిందేనని అప్పుడు నమ్మకంగా చెప్పొచ్చు. ఇది మన రాష్ట్రానికి కొత్తేమీ కాదు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2005 నుంచి కొన్నేళ్లపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల్లో వందల బడుల మీద ఇలాంటి ప్రయోగమే నడిపారు. ఈ పద్ధతిని పేదరిక నిర్మూలనకు వాడినందుకే అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, మైఖేల్ క్రేమర్‌లకు 2019లో అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది. బడుల దాకా వచ్చిన ఈ పద్ధతి మన విశ్వవిద్యాలయాల్లో మాత్రం అరుదు. తన సొంత విద్యార్థులకు ఏది మేలు చేస్తుందో పరీక్షించి చూసుకునే పని విశ్వవిద్యాలయం కాక ఇంకెవరు చేయాలి?

ఇక నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించిన ప్రయోగం దగ్గరికి వస్తాను, ఎందుకంటే అది మన స్కాలర్‌షిప్ కష్టాలకు చాలా దగ్గర.

అమెరికాలో ప్రభుత్వ ఆర్థిక సాయంతో కాలేజీలో చేరాలంటే ఒక దరఖాస్తు నింపాలి. అప్పట్లో అందులో 100కు పైగా ప్రశ్నలు ఉండేవి. సాయం ఎవరికి ఎక్కువ అవసరమో ఆ పేద కుటుంబాలే దాన్ని నింపలేక వదిలేసేవి. ఎరిక్ బెటింగర్, బ్రిడ్జెట్ టెర్రీ లాంగ్, ఫిలిప్ ఓరియోపౌలస్, లీసా సాన్‌బొన్మత్సు అనే పరిశోధకులు 2008లో ఒక పన్ను సలహా సంస్థతో కలిసి దీన్ని పరీక్షించారు. పన్ను లెక్కలు చూపించుకోవడానికి వచ్చిన కుటుంబాల్లో కొందరికి, అప్పటికే కంప్యూటర్లో ఉన్న ఆదాయ వివరాలతో ఆ దరఖాస్తును అక్కడికక్కడే నింపి పెట్టారు. ఒక్కొక్కరికి పట్టింది కొద్ది నిమిషాలే. ఇంకో గుంపుకు సమాచారం మాత్రం ఇచ్చారు: మీకు సుమారు ఇంత సాయం రావొచ్చు, దగ్గర్లోని కాలేజీల ఫీజులు ఇవీ అని. మూడో గుంపుకు ఏమీ చేయలేదు.

దరఖాస్తు నింపడంలో సాయం అందిన ఇళ్లలో, హైస్కూలు ఆఖరి ఏడాదిలో ఉన్న పిల్లల్లో తర్వాతి మూడేళ్లలో రెండేళ్ల కాలేజీ చదువు పూర్తి చేసినవాళ్లు 28 నుంచి 36 శాతానికి పెరిగారు. సమాచారం మాత్రమే అందిన గుంపులో ఏ తేడా లేదు. కొద్ది నిమిషాల సాయం వంద మందిలో ఎనిమిది మందిని కాలేజీలో నిలబెట్టింది, మంచి సలహా మాత్రం ఒక్కరినీ నిలబెట్టలేకపోయింది.

ఇప్పుడు మన వైపు చూద్దాం. మన దగ్గర ఫీజు రీయింబర్స్‌మెంట్ 2008లో మొదలైంది. తర్వాత ప్రభుత్వాలతో పాటు దాని పేరు, పద్ధతి మారుతూ వచ్చాయి. ఒక దశలో డబ్బు తల్లి ఖాతాలో పడేది. పథకం వల్ల ఎన్ని లక్షల ఇళ్లలో మొదటి పట్టా వచ్చిందో మనందరికీ తెలుసు. కానీ ఆ డబ్బు చేతికి రావాలంటే ఒక పిల్ల దాటాల్సిన మెట్లు ఎన్ని? ఆదాయ ధ్రువపత్రం. కుల ధ్రువపత్రం. ఆధార్‌లో, టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒకేలా ఉండటం. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు. గ్రామ సచివాలయంలో ఈకేవైసీ, దానికి వేలిముద్ర, ఓటీపీ. ఫోన్ నంబరు మారితే మళ్లీ ఆధార్ సెంటర్. విశాఖలో హాస్టల్లో ఉండి చదివే పిల్లకు సచివాలయం ఉన్నది అరకు దగ్గరి సొంతూళ్లో. అక్కడికి వెళ్లి రావాలంటే ఒక రోజు క్లాసులు పోతాయి, హాజరు శాతం తగ్గుతుంది. ఆ హాజరు కూడా స్కాలర్‌షిప్‌కు ఒక షరతే.

కాలేజీ ఆఫీసులో మాట ఇలా సాగుతుంది. “ఏమ్మా, లిస్టులో నీ పేరు ఎర్రగా ఉంది, ఈకేవైసీ చేయించుకోమని గ్రూపులో పెట్టాం కదా?” “చూశాను సార్. మా అమ్మ ఫోన్ నంబరు మారిందండి, ఓటీపీ రావట్లేదు.” “అయితే మార్పించుకుని రా.” ఆ సార్‌ది కసురుకునే స్వభావం కాకపోవచ్చు. ఆయన చేతిలో ఉన్నది సమాచారం మాత్రమే, దాన్నే ఇస్తున్నాడు. పని చేసి పెట్టే ఏర్పాటు ఆ గదిలో లేదు.

ఇలాంటి చిక్కుముళ్లకు అమెరికన్ ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ ‘స్లడ్జ్’ అని పేరు పెట్టాడు. మనిషిని మంచి నిర్ణయం వైపు మెల్లగా తట్టే చిన్న ఏర్పాటును ‘నడ్జ్’ అని ప్రచారంలోకి తెచ్చింది ఆయన, కాస్ సన్‌స్టీన్. థేలర్‌కు 2017లో అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది. మంచి పనికి అడ్డుపడే కాగితాలు, క్యూలు, తిరుగుళ్లు స్లడ్జ్. మన ప్రభుత్వానికీ ఈ చర్చ తెలియనిది కాదు, 2018-19 ఆర్థిక సర్వేలో నడ్జ్ మీద ఒక అధ్యాయమే ఉంది. నా మటుకు నాకు, విశాఖ చుట్టుపక్కల కాలేజీల్లో కొత్త నడ్జ్‌ల కన్నా ఉన్న స్లడ్జ్‌ను తవ్వి తీయడమే ముందు జరగాల్సిన పని.

హామీ ఎంత కచ్చితంగా ఉందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. 2015లో మిషిగన్ విశ్వవిద్యాలయం ఆ రాష్ట్రంలో బాగా చదివే పేద విద్యార్థులకు ఒక ఉత్తరం పంపింది: మీకు సీటు వస్తే నాలుగేళ్లూ ట్యూషన్ ఫీజు ఉండదు, ఆర్థిక సాయం కోసం వేరే ఫారాలు నింపక్కరలేదు అని. నిజానికి వాళ్లలో చాలామందికి మామూలు పద్ధతిలోనూ దాదాపు అంత సాయం వచ్చేది. అయినా ఉత్తరం అందినవాళ్లలో 68 శాతం దరఖాస్తు చేశారు, అందనివాళ్లలో 26 శాతమే. చేరినవాళ్ల సంఖ్య రెట్టింపు దాటింది. తర్వాతి ప్రయోగంలో ‘మీ ఆదాయం రుజువు చేసుకుంటే ఉచితం’ అని షరతు పెట్టి చూస్తే ఆ ప్రభావం బాగా పడిపోయింది. ‘వస్తుంది’ అనేదానికీ ‘రావొచ్చు’ అనేదానికీ ఇంత తేడా. డబ్బు ఎప్పుడు జమవుతుందో తెలియక, ఈలోపు ఫీజు కట్టమని కాలేజీ అడుగుతుంటే, అప్పు చేయాలా మానేయాలా అని ఆలోచించే ఇళ్లు మన దగ్గర ఎన్నో. ఈ ప్రయోగాన్ని వాళ్లకు వివరించనక్కరలేదు.

తీయాల్సిన అడ్డులు కాగితాలే కానక్కరలేదు. క్లాసులో ‘డౌట్స్ ఉన్నాయా?’ అని అడిగితే ఎవరూ చెయ్యెత్తరు. డేల్ మిల్లర్, కాథీ మెక్‌ఫార్లండ్ 1987లో దీని లోపలికి చూశారు. విద్యార్థులకు కావాలనే అర్థంకాకుండా రాసిన వ్యాసం ఇచ్చి, మరీ ఇబ్బందైతే వచ్చి అడగొచ్చు అన్నారు. ఒక్కరూ లేవలేదు. కానీ ఎవరికి వారు తాము మొహమాటంతో ఆగామని, మిగతావాళ్లు మాత్రం అర్థమయ్యే ఊరుకున్నారని అనుకున్నారు. గదిలో అందరిదీ ఒకే పరిస్థితి, అందరూ తాము ఒంటరి అనుకుంటున్నారు.

మన రాష్ట్రంలో 2021-22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లిషు మీడియంలోకి మారాయి. పదో తరగతి వరకు తెలుగులో చదివి వచ్చిన పిల్లవాడు ఆ గదిలో కూర్చున్నాడనుకోండి. అర్థంకాని ప్రతి వాక్యం అతనికి ‘నేనిక్కడ ఉండాల్సినవాణ్ని కాదు’ అనే వినిపిస్తుంది. ఈ భావం మీద పనిచేసినవాళ్లలో గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ ముఖ్యులు. మొదటి ఏడాదిలో ఈ బెరుకు అందరికీ ఉంటుంది, నెమ్మదిగా పోతుంది అని సీనియర్లు చెప్పిన అనుభవాలను కొత్త విద్యార్థులకు చదవనిచ్చి, దాని గురించి వాళ్ల చేత రాయించారు. పట్టింది సుమారు గంట. 2011లో వెలువడిన ఆ చిన్న ప్రయోగంలో నల్లజాతి విద్యార్థులకూ తెల్లజాతి విద్యార్థులకూ మధ్య మార్కుల తేడా మూడేళ్లలో సగానికి తగ్గింది. నమ్మలేనంత పెద్ద ఫలితం కాబట్టి దాన్ని పెద్ద ఎత్తున మళ్లీ పరీక్షించారు. 2023లో వచ్చిన ఆ అధ్యయనంలో 22 సంస్థలు, 26,911 మంది విద్యార్థులు ఉన్నారు. ఈసారి ఫలితం చిన్నది, పైగా అన్నిచోట్లా రాలేదు. ఆ విద్యార్థులను నిజంగానే కలుపుకుపోయే వాతావరణం ఉన్న కాలేజీల్లోనే మొదటి ఏడాది పూర్తి చేసేవాళ్లు పెరిగారు. నువ్వూ ఇక్కడివాడివే అని కాగితం మీద చెప్పి, క్లాసులో ఉచ్చారణకు నవ్వితే ఏ ప్రయోగమూ పనిచేయదు.

ఇక్కడే మన దేశంలో జరిగిన ఒక అధ్యయనం గుర్తుచేయాలి. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో 6, 7 తరగతుల అబ్బాయిలకు కాగితం మీద దారి కనుక్కునే పజిల్స్ ఇచ్చారు, పూర్తి చేసిన ప్రతిదానికీ డబ్బులిచ్చారు. కులం ప్రస్తావన లేనప్పుడు అగ్రకులాల పిల్లలకూ, దళిత పిల్లలకూ తేడా లేదు. అందరి ముందూ పేరుతో పాటు కులం చదివినప్పుడు దళిత పిల్లల ఫలితం గణనీయంగా పడిపోయింది. అదే పిల్లలు, అదే పజిల్. మారింది గదిలో అన్న ఒక్క మాట. మన కాలేజీల్లో ఈ రోజుకూ ‘ఎస్సీ, ఎస్టీ స్కాలర్‌షిప్ పిల్లలు లేచి ఆఫీసుకు వెళ్లండి’ అని క్లాసు మధ్యలో పిలవడం ఉంది. దీన్ని ఆపడానికి బడ్జెట్ అక్కరలేదు, కమిటీ అక్కరలేదు. ఎవరి సమాచారం వాళ్ల ఫోన్‌కు వ్యక్తిగతంగా పంపితే చాలు. రేపటి నుంచే మానేయాల్సిన అలవాటు ఇది.

వైఫల్యాల గురించి కూడా అంతే వివరంగా చెప్పాలి, లేకపోతే ఈ వ్యాసం ప్రచారం అవుతుంది. చిన్న ప్రయోగాల్లో మెసేజ్‌లు పనిచేశాయని చూసి అమెరికాలో 8 లక్షలకు పైగా విద్యార్థులకు ఆర్థిక సాయం దరఖాస్తు గురించి గుర్తుచేశారు. మెసేజ్ మాటలు మార్చారు, సమయం మార్చారు. కాలేజీలో చేరినవాళ్ల సంఖ్యలో కదలిక లేదు. టొరంటో విశ్వవిద్యాలయంలో ఫిలిప్ ఓరియోపౌలస్, ఉరోస్ పెట్రోనియెవిచ్ ఐదేళ్లపాటు సుమారు 25,000 మందితో పనిచేశారు. ఆన్‌లైన్‌లో లక్ష్యాలు రాయించారు, చదువు ప్లాన్లు వేయించారు, వారం వారం మెసేజ్‌లు పంపారు. మార్కులు పెరగలేదు. తమను ఎవరో పట్టించుకుంటున్నారని విద్యార్థులకు అనిపించింది, చదివే సమయం కొద్దిగా పెరిగింది, అంతే. అదే పరిశోధకులు అంతకుముందు చేసిన చిన్న ప్రయోగంలో సీనియర్ విద్యార్థి ఒకరు కోచ్‌గా ఉండి ఎదురుగా కూర్చుని మాట్లాడినప్పుడు మాత్రం మార్కులు పెరిగాయి.

స్టెఫానో డెల్లావిన్యా, ఎలిజబెత్ లినోస్ 2022లో ప్రచురించిన లెక్క కూడా మన అధికారులు చూడాలి. పత్రికల్లో అచ్చయిన నడ్జ్ ప్రయోగాల్లో సగటు ఫలితం 8.7 శాతం పాయింట్లు, అంటే వంద మందిలో తొమ్మిది మంది దాకా అదనంగా ఆ పని చేశారు. అమెరికాలోని రెండు పెద్ద నడ్జ్ సంస్థలు చేసిన 126 ప్రయోగాలను, విఫలమైనవాటితో సహా మొత్తం లెక్కిస్తే అది 1.4 పాయింట్లు. ఆ 126లో పాల్గొన్నవాళ్లు 2 కోట్లకు పైనే. ఫలితం బాగున్నది అచ్చవుతుంది, లేనిది ఫైల్లో ఉండిపోతుంది. కాబట్టి ఎవరైనా వచ్చి మా యాప్‌తో డ్రాపౌట్లు సగం తగ్గుతాయి అంటే, వెనక్కి పెట్టిన ప్రయోగాలు ఎన్ని అని ముందు అడగాలి.

మరి పెద్ద ఫలితం తెచ్చి, ఇతర చోట్లా నిలబడింది ఏదైనా ఉందా? ఉంది. న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం 2007లో ‘ఏశాప్’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. పేద విద్యార్థులు ఎక్కువగా చదివే రెండేళ్ల కాలేజీలకు ఉద్దేశించింది అది. ప్రభుత్వ సాయం పోను మిగిలిన ఫీజు విశ్వవిద్యాలయమే కడుతుంది. పాఠ్యపుస్తకాలకు డబ్బిస్తారు. తక్కువ మంది విద్యార్థుల బాధ్యత మాత్రమే ఉన్న సలహాదారు ఉంటారు. ఆ సలహాదారును క్రమం తప్పకుండా కలిస్తే నెలకు బస్సు, మెట్రో పాసు ఇస్తారు. చీటీల పద్ధతిలో పరీక్షిస్తే మూడేళ్లలో పట్టా పొందినవాళ్లు 22 నుంచి 40 శాతానికి చేరారు. ఒహాయో రాష్ట్రంలోని మూడు కాలేజీల్లో మళ్లీ చేసినా దాదాపు అంత మేలు కనిపించింది.

ఆ పాసును గమనించండి. ప్రవర్తన శాస్త్రం అందులో ఉంది: సలహాదారు దగ్గరికి వెళ్లడానికి చిన్న ప్రోత్సాహం, ప్రతి నెలా. కానీ అది నిజమైన అవసరం కూడా తీరుస్తోంది. అనకాపల్లి నుంచి, విజయనగరం నుంచి రోజూ బస్సులోనో రైల్లోనో వచ్చిపోయే మన విద్యార్థులకు ఆ పాసు విలువ వేరే చెప్పనక్కరలేదు. ఉత్త మాటతో సరిపెట్టని నడ్జ్ అంటే ఇలా ఉంటుంది. దీనికి ఖర్చవుతుంది, ఆ సంగతి దాచకూడదు.

చదువు పద్ధతుల మీద ఒక్కటే చెబుతాను, ఎందుకంటే దీన్ని రేపే వాడుకోవచ్చు. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చారు. ఒక గుంపు దాన్ని నాలుగు విడతలు చదివింది. ఇంకో గుంపు ఒక విడత చదివి, మిగతా మూడు విడతల్లో పుస్తకం మూసి గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తర్వాత చదివిన గుంపుదే పైచేయి: 83 శాతం, రెండో గుంపుకు 71. వారం తర్వాత తారుమారైంది: చదివినవాళ్లకు 40 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 61. పరీక్ష ముందురోజు రాత్రి గైడు నాలుగుసార్లు తిరగేసే మన అలవాటు ఎందుకు మోసం చేస్తుందో ఇది చెబుతుంది. చదివిన వెంటనే అంతా వచ్చేసినట్టు అనిపిస్తుంది.

మానసిక ఆరోగ్యం దగ్గర మాత్రం చాలా జాగ్రత్తగా అడుగువేయాలి. దేశంలో 2022లో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల బ్యూరో నమోదు చేసింది. విశాఖలో నీట్ శిక్షణ తీసుకుంటూ హాస్టల్లో ఉన్న 17 ఏళ్ల అమ్మాయి 2023 జులైలో మరణించిన కేసులోనే సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలని, మార్కులను బట్టి బ్యాచులుగా విడదీయకూడదని, అందరి ముందూ అవమానించకూడదని అందులో ఉంది. ఈ విషయంలో మన నగరానికి ప్రత్యేకమైన బాధ్యత ఉందని నేను గట్టిగా నమ్ముతాను. కౌన్సెలర్‌ను పెట్టాలా వద్దా అని ఎవరూ ప్రయోగం చేయకూడదు, అది హక్కు. ఉన్న కౌన్సెలర్ దగ్గరికి విద్యార్థి రావడానికి ఏది తోడ్పడుతుందన్నది మాత్రం పరీక్షించదగిన ప్రశ్న. మొదటి నెలలో అందరికీ ఒక అపాయింట్‌మెంట్ ముందే వేసి, ఇష్టం లేనివాళ్లు రద్దు చేసుకోవచ్చు అంటే? గది ప్రిన్సిపాల్ ఆఫీసు పక్కన కాకుండా ఎవరూ గమనించని చోట ఉంటే? మాట్లాడే మనిషి ఇప్పుడే కావాలనుకునేవాళ్లకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ ఉంది, 14416కు రోజులో ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు.

ఎలుకల అభ్యంతరానికి ఇప్పుడు జవాబు చెప్పొచ్చు. హాని ఉన్నదేదీ పరీక్షించకూడదు. అప్పటికే అందుతున్న సాయాన్ని ఎవరి నుంచీ తీసేయకూడదు. నైతిక కమిటీ అనుమతి ఉండాలి. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, విద్యార్థుల మార్కులు, కులం, ఆదాయం వివరాలు ఏ యాప్ కంపెనీ చేతికీ పోకూడదు. ఒక సాయం అందరికీ ఒకేసారి ఇచ్చే వనరులు లేనప్పుడు, తెలిసినవాళ్ల పిల్లలకో ముందు వచ్చినవాళ్లకో ఇవ్వడం కన్నా చీటీలు వేయడమే న్యాయం. మొదటి విడతలో రానివాళ్లకు రెండో విడతలో ఇవ్వాలి.

విశాఖలో దీనికి కావాల్సిన మనుషులు లేరని అనుకోను. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైకాలజీ, ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ విభాగాలు ఉన్నాయి. 2015లో ఐఐఎం వచ్చింది. ఒక పీజీ బ్యాచి ప్రాజెక్టుగా చేయగలిగినంత చిన్నదిగా మొదలుపెట్టొచ్చు. అనుబంధ కాలేజీల్లో ఓ పదింటిని తీసుకుని, మొదటి సంవత్సరం సెక్షన్ల మధ్య చీటీలు వేయాలి. చీటీ వచ్చిన సెక్షన్లకు వారానికి రెండు మధ్యాహ్నాలు స్కాలర్‌షిప్ డెస్క్ ఉండాలి. అక్కడ కూర్చునే సీనియర్ విద్యార్థికి కాస్త గౌరవ వేతనం, ఒక ల్యాప్‌టాప్, ఒక స్కానర్, ఊళ్లోని సచివాలయంతో, ఆధార్ సెంటర్‌తో మాట్లాడే అధికారం ఇవ్వాలి. ‘మార్పించుకుని రా’ అనకుండా ‘కూర్చో, మార్పిద్దాం’ అనడం అతని పని. మిగతా సెక్షన్లకు మామూలుగా మెసేజ్‌లు వెళ్తాయి, రెండో సెమిస్టర్‌లో డెస్క్ వాళ్లకూ తెరుస్తారు. మొదటి సెమిస్టర్ చివర రెండు గుంపుల్లోనూ ఎంతమందికి ఈకేవైసీ పూర్తయిందో, ఎంతమంది పరీక్షలకు కూర్చున్నారో చూడాలి. ఆ రెండు లెక్కలూ కాలేజీల దగ్గర ఎలాగూ ఉంటాయి. ఎవరెవరు ఏ చోట ఆగిపోయారో డెస్క్ దగ్గర రాసుకున్న రిజిస్టరు మాత్రం కొత్తది.